లంకల్లో తోపులు, తోపుల్లో గూళ్ళు

చెట్టు నీడ చల్లగా ఉంటుందని చిన్నపిల్లవాడు కూడా చెబుతాడు. రేకుల షెడ్డు కింద కూడా నీడే కదా! అక్కడ చెమటలు పోస్తాయేం? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి నది ఒడ్డు తోపును మించిన ప్రయోగశాల లేదు. అటువంటి చోటు ఒకటి చూద్దాం.

కర్ణాటకలో, మైసూరుకు సమీపాన, శ్రీరంగపట్నం పక్కనే కావేరి నదిలో రంగనతిట్టు అనే పక్షుల రక్షిత కేంద్రం ఉంది. పేరులోని 'తిట్టు' మన తిట్టు కాదు. కన్నడంలో దానికి దిబ్బ అని అర్థం. దీని విస్తీర్ణం ఒక చదరపు కిలోమీటరు కూడా లేదు, 0.67 మాత్రమే. పడవవాడు మెల్లగా తెడ్డు వేస్తూ ఉంటే లంకల చుట్టూ తిరిగి చూడవచ్చు.

ఈ లంకలు ఎలా వచ్చాయి? 17వ శతాబ్దంలో ఇక్కడ కావేరికి అడ్డంగా ఆనకట్ట కట్టారు. ఆనకట్టకు ఎగువన నీటిమట్టం పెరుగుతుంది. పల్లాలు మునిగిపోతాయి, మెరకలు లంకలుగా మిగులుతాయి. నిదానించిన నీటిలోని ఒండ్రు దిగి, మట్టి పేరుకొంటుంది. మట్టి ఉన్నచోట గడ్డి, గడ్డి వెనుక చెట్లు వస్తాయి. పొలాలకు నీరివ్వడానికి మనిషి కట్టిన కట్ట ఈ విధంగా పక్షులకు ఇల్లు అమర్చింది!

లంకల్లో వెదురు పొదలు, మొగలి పొదలు, తెల్లమద్ది చెట్లు ఉన్నాయి. తెల్లమద్దిని గుర్తుపట్టడం సులభం. బెరడు నునుపుగా, పాలిపోయిన రంగులో ఉండి పెచ్చులుగా ఊడుతుంది. కాయకు అయిదు రెక్కలుంటాయి. మన వాగుల ఒడ్డున కూడా ఇది పెరుగుతుంది. దీని వేళ్ళు మట్టిని పట్టి ఉంచి, ఒడ్డు కోసుకుపోకుండా కాపాడతాయి.

ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాం. వేళ్ళు పీల్చిన నీటిలో అధికభాగం ఆకుల పత్రరంధ్రాల గుండా ఆవిరిగా బయటికి పోతుంది. దీనినే బాష్పోత్సేకం అంటారు. నీరు ఆవిరి కావాలంటే వేడి కావాలి. ఒక గ్రాము నీటికి మామూలు ఉష్ణోగ్రత వద్ద సుమారు 580 కెలోరీలు అవసరం. ఈ లెక్కన ఒక లీటరు నీటిని ఆవిరి చేసేందుకు పట్టే వేడితో, 20 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద ఉన్న 7 లీటర్ల నీటిని మరిగే స్థితికి తేవచ్చు! అంత వేడినీ ఆకులు తమ నుంచి, చుట్టూ ఉన్న గాలి నుంచి తీసివేస్తాయి. కనుక ఆకు ఎండలో ఉన్నా పెద్దగా కాలదు. రేకు మాత్రం ఎండను పీల్చి కాగిపోయి, ఆ వేడిని కింద కూర్చున్న వారి మీదికి ప్రసరింపజేస్తుంది. రెండూ నీడలే; ఒకటి మాత్రమే చల్లని నీడ. నదీతీరాన వేళ్ళకు నీటి కొరత ఉండదు కాబట్టి మండు వేసవిలోనూ ఆ పని ఆగదు.

ఈ చల్లని కొమ్మల మీద గూళ్ళు కట్టే పక్షులను చూడండి. తెడ్డుమూతి కొంగ తన వెడల్పు ముక్కును నీటిలో అటూ ఇటూ ఊపుతూ ఆహారం పట్టుకొంటుంది. నత్తగుల్ల కొంగ ముక్కు మూసినా నడుమ సందు ఉంటుంది. పిల్లలకు ఆ సందు ఉండదు, పెరిగేకొద్దీ ఏర్పడుతుంది. పాముమెడ పక్షి ఈకలు నీటికి తడుస్తాయి. అందువల్ల అది సులభంగా మునిగి చేపలు పడుతుంది. తరువాత రెక్కలు చాచి ఆరబెట్టుకొంటుంది.

చుట్టూ ఉన్న నీరే ఈ గూళ్ళకు కంచె. నేల మీద తిరిగే జంతువులు అంత సులభంగా రాలేవు. పైగా నీటిలో మొసళ్ళున్నాయి! పక్షుల రెట్టలలోని నత్రజని, భాస్వరం నీటిలో కలిసి శైవలాలను పెంచుతాయి. శైవలాల మీద చిన్న జీవులు, వాటి మీద చేపలు, చేపల మీద మళ్ళీ పక్షులు బతుకుతాయి. ఈ గొలుసులో ఏ ఒక్క లంకె తెగినా మిగిలినవి కదిలిపోతాయి.

ఈ చోటు విలువను గుర్తించినవాడు ప్రసిద్ధ పక్షి శాస్త్రజ్ఞుడు సలీం అలీ. 1931లో హైదరాబాదు సంస్థానంలో పక్షుల సర్వే మొదలుపెట్టింది కూడా ఆయనే. ఆయన మైసూరు పాలకులకు నచ్చజెప్పగా 1940లో రంగనతిట్టు రక్షిత కేంద్రమయింది. 2022లో అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడి నేలల జాబితాలో, అంటే రామ్‌సర్ జాబితాలో, చేరింది.

అయినా ప్రమాదం తప్పలేదు. ఎగువన కృష్ణరాజసాగర్ ఆనకట్ట ఉంది. వరదల వేళ దాని గేట్లు ఎత్తితే లంకలు మునుగుతాయి. టెర్న్ అనే నదీపక్షి గూడు కట్టదు. ఉత్త రాళ్ళ మీద, ఇసుక మీద గుడ్లు పెడుతుంది. నీరు హఠాత్తుగా రెండు అడుగులు పెరిగితే ఆ ఏడాది సంతానం కొట్టుకుపోయినట్లే. అలాగని గేట్లు మూసే ఉంచితే ఆనకట్టకే ముప్పు. పొలానికి, పట్నానికి, పక్షికి ఒకే నది నీరు పంచాలి. రేపు ఇంజనీర్లు, రైతులు, అధికారులు కాబోయే మీరు ఈ లెక్కను కూడా నేర్చుకోవాలి.

మన తెలుగునాట చిలమత్తూరు మండలం వీరాపురంలో ఊరివాళ్ళు ఎర్రకాళ్ళ కొంగలను ఆడపడుచుల్లా ఆదరిస్తారు. చట్టం చేయగలిగిన దానికంటే ఊరి ప్రేమ ఎక్కువే చేస్తుంది.

చేసి చూడండి:
1. మధ్యాహ్నం రెండు గంటలకు రేకుల షెడ్డు కింద, దగ్గరలోని తోపులో గాలి ఉష్ణోగ్రతను కొలవండి. రెండు చోట్లా ఉష్ణమాపకానికి ఎండ తగలకూడదు, నేల నుంచి ఎత్తు సమానంగా ఉండాలి. వారం రోజులు రాసి పట్టిక తయారుచేయండి.
2. ఆకులున్న కొమ్మకు పారదర్శకమైన ప్లాస్టిక్ సంచి కట్టి, రెండు గంటల తరువాత లోపల ఏముందో చూడండి. ఆకులు దులిపిన కొమ్మకు మరో సంచి కట్టి పోల్చండి.
3. మీ ఊరి ఏటి ఒడ్డున చెట్లున్న చోట, చెట్లు కొట్టివేసిన చోట గట్టును పరిశీలించండి. వానాకాలం తరువాత ఏ గట్టు ఎక్కువ కోసుకుపోయింది?