నందిగ్రామమున భరతుని కార్యదక్షత

శ్రీమద్రామాయణ పారాయణము చేయువారు భరతుని పేరు వినగానే భ్రాతృభక్తిని తలచి కన్నీరు నించుదురు. అది సహజమే. కాని ఆ మహానుభావుడు 14 సంవత్సరములు కోసల రాజ్యభారమును మోసెనన్న సంగతిని పలువురు అంతగా తలపరు. తండ్రి గతించెను; పట్టము కట్టుకొనవలసిన అన్న అడవుల కేగెను; ప్రజలు దుఃఖమున మునిగియుండిరి. అట్టి కాలమున పాలన సాగించుట సామాన్యము కాదు. వ్యాపారములు మందగించినపుడు పైవారి ఆజ్ఞలకును క్రిందివారి బ్రతుకులకును నడుమ నలిగిపోవు మేనేజరులు ఆ చరిత్రమును మరల చదువదగును.

2008 సెప్టెంబరులో అమెరికాలో లేమన్ బ్రదర్స్ సంస్థ దివాలా తీసిన పిమ్మట ఆ మాంద్యము హైదరాబాదు సాఫ్ట్‌వేరు కార్యాలయములను కూడ తాకెను. 2020లో కరోనా వ్యాధివలన హోటళ్లు, దుకాణములు, కర్మాగారములు మూతపడెను. ఎవరి నుంచవలెను, ఎవరిని పంపవలెను అను పట్టిక వ్రాయవలసినవాని వేదన చిన్నది కాదు. అందలి ప్రతి పేరు వెనుక ఒక ఇంటి అద్దె, పిల్లల ఫీజు, వృద్ధుల మందుల చీటి ఉండును. రేపటి పట్టికలో తన పేరే ఉండునేమో యను భయము వేరొకటి.

చిత్రకూటమునకు వచ్చిన భరతుని శ్రీరాము డడిగిన ప్రశ్నలు అయోధ్యాకాండమున 100వ సర్గయందు కలవు. పేరునకు కుశలప్రశ్నలే కాని అవి పాలకునకు పాఠములు. ఆదాయముకంటె వ్యయము తక్కువగ నున్నదా యనియు, ధనము అపాత్రుల పాలగుట లేదు కదా యనియు అడిగెను. ఒంటరిగా గాని మరీ పెక్కుమందితో గాని ఆలోచనలు జరుపుట లేదు కదా యనెను. అన్నిటికంటె గమనింపదగినది జీతముల మాట. సైన్యమునకు బత్తెమును జీతమును వేళకు ముట్టుచున్నవా యని అడిగి, ఆలసించినచో నమ్మి కొలుచువారు సైతము యజమానిపై కోపింతురనియు, దానివలన గొప్ప అనర్థము వాటిల్లుననియు హెచ్చరించెను. నారచీరలు కట్టి పర్ణశాలలో నున్నవాడు భటుల జీతములను గూర్చి విచారించుట చూడుడు!

ఇబ్బంది వచ్చినపుడు కొన్నిచోట్ల మొదట ఆగునది కాపలాదారు జీతము, చివర తగ్గునది పెద్దల విమాన ప్రయాణము. ఇది తలక్రిందుల వరుస. భరతుడు కోతను తనతోనే మొదలిడెను. జటలు ధరించి, కందమూలములు తిని, రాజధాని వెలుపల నందిగ్రామమున నివసించెను. ఆయనను చూచి పౌరులు తామే భోగములు మానుకొనిరి.

ఇంతటి నిగ్రహము ఎట్లు సాధ్యమయ్యెను? రాజ్యము తనది కాదు, అన్నగారు దాచుకొనుటకిచ్చిన న్యాసమని ఆయన నమ్మెను. ప్రతి కార్యమును పాదుకలకు విన్నవించి జరిపెను. అందుచేతనే శ్రీవైష్ణవ పెద్దలు పారతంత్ర్యమునకు భరతుని నిదర్శనముగ చెప్పుదురు. పదవి తనదనుకొన్నవానికి అది పోవునను భయముండును. భయపడువాడు నిజము దాచును, నెపము క్రిందివారిపై నెట్టును.

తగ్గింపవలసిన వేళ ఏది ఆగరాదో ఎరుగుటయు ముఖ్యమే. 2020 మార్చి 20 నుండి జూన్ తొలివారము వరకు తిరుమలలో భక్తులకు దర్శనము నిలిచినది. స్వామివారి నిత్యకైంకర్యములు మాత్రము ఏకాంతముగ జరిగినవి.

ఉద్యోగులను పంపక తప్పనిచో? శ్రీరాముడు వనమునకు బయలుదేరుముందు తన్ను నమ్ముకొన్న పరిజనులకు ఒక్కొక్కరికి జీవనమునకు చాలినంత ధనమిచ్చెను. తాము తిరిగివచ్చువరకు తన మందిరమును, లక్ష్మణుని మందిరమును శూన్యము కానీయక కాచియుండుడని చెప్పెను. పదవి పోయినది ఆయనకు. విచారము పరిజనులను గూర్చి. కనుక మేనేజరు చేయవలసిన దేమనగా, వార్తను పుకారుగా విననీయక ముందుగనే ఎదుట కూర్చుండి తానే చెప్పవలెను. రావలసిన పైకమంతయు ఒక్కసారిగ ఇప్పింపవలెను. అనుభవ పత్రము చేతికిచ్చి, తెలిసిన సంస్థలకు ఫోను చేయవలెను. మంచిదినములు వచ్చినపుడు మొదట వారినే పిలువవలెను.

తన ఉద్యోగమే పోయినచో, ఆ మాట ఇంటిలో దాచరాదు. టిఫిను క్యారియరు పట్టుకొని ఉదయమే బయలుదేరి సాయంకాలము వరకు పార్కులో కూర్చుండు వారున్నారు. పట్టాభిషేకము తప్పిన సంగతిని తల్లికి రాముడు తానే వెళ్లి చెప్పెను. కౌసల్య నేల కొరిగినది, నిజమే, కాని దాచలేదు.

14 సంవత్సరములు నిండినవి. పుష్పకము దిగి శ్రీరాముడు నందిగ్రామమునకు వచ్చెను. భరతుడు మొదట పాదుకలను తన చేతులతో అన్నగారి పాదములకు తొడిగెను. పిదప ధనాగారము, ధాన్యాగారము, నగరము, సైన్యము చూచుకొనుమని విన్నవించెను. అన్నియు పదిరెట్లయి యుండెను. అదియు తన నేర్పు కాదు, అన్నగారి తేజస్సే యని చెప్పి లెక్క అప్పగించెను.