ఎన్నికల వేళ పడమటి మండలాల ఓటరు కోరునదేమి?

రామసముద్రం, పెద్దతిప్పసముద్రం, చిన్నతిప్పసముద్రం, కుప్పం దాపున పరమసముద్రం - మన పడమటి మండలాలలో ఇన్ని సముద్రాలు ఉన్నవి. అసలు సముద్రం మాత్రం ఇక్కడికి వంద మైళ్లకు పైబడిన దూరంలో ఉన్నది. పెద్ద చెరువును సముద్రమని పిలవడం మన పూర్వుల వాడుక. జీవనది లేని మెట్టభూమిలో కట్ట వేసి నిలిపిన వాననీరే వారికి సముద్రం. ఆ నీటి పేరు మీదనే ఊరు వెలసింది. తన మొదటి కోరికను ఊరి పేరులోనే వ్రాసుకున్న ఓటరును గూర్చి ఈ వ్యాసంలో ముచ్చటింపదలచాము.

లోక్‌సభకు తదుపరి సార్వత్రిక ఎన్నికలు మామూలు గడువు ప్రకారం 2029లో రావలసి ఉన్నవి. ఈ సంచికను చదివే విద్యార్థినీ విద్యార్థులలో పెక్కుమంది అప్పటికి తొలిసారి లోక్‌సభకు ఓటు వేయబోతారు. కావున నాయకులు దేనికి ప్రథమస్థానం ఇవ్వాలని ఓటరు కోరుతున్నాడన్న ప్రశ్న వారికి పాఠ్యపుస్తకపు ప్రశ్న మాత్రమే కాదు.

దేశవ్యాప్తంగా ఈ ప్రశ్నను అడిగినవారు లేకపోలేదు. అసోసియేషన్ ఫర్ డెమోక్రాటిక్ రిఫార్మ్స్ అను సంస్థ 2018లో 534 లోక్‌సభ నియోజకవర్గాలలో 2,73,487 మంది ఓటర్లను విచారించి, ఆ ఫలితాలను 2019 ఎన్నికలకు ముందు ప్రకటించింది. మెరుగైన ఉపాధి అవకాశాలు కావాలన్నవారు నూటికి 46.80 మంది, మెరుగైన వైద్యం అన్నవారు 34.60 మంది, త్రాగునీరు అన్నవారు 30.50 మంది. 2024 ఎన్నికలకు ముందు లోక్‌నీతి - సి.ఎస్.డి.ఎస్. వారు జరిపిన విచారణలో నిరుద్యోగమే ప్రధాన సమస్య అన్నవారు నూటికి 27 మంది, ధరల పెరుగుదల అన్నవారు 23 మంది.

ఈ అంకెలను చూచి, మన ప్రాంతపు కోరిక వేరు, దేశపు కోరిక వేరు అని తొందరపడి అనరాదు. కుప్పం రైల్వే స్టేషనులో తెల్లవారుజామున బెంగళూరు బండి కోసం నిలుచున్న యువకుని ఆపి అడిగితే అతడు "పని" అనే చెబుతాడు. అతని తండ్రిని అడిగితే "నీళ్లు" అంటాడు. తల్లిని సాధారణంగా ఎవరూ అడగరు. అడిగితే బిందెను చూపుతుంది. నిజానికి ఈ ముగ్గురు చెప్పినది ఒకే మాట. బోరు ఎండిన ఏడు మడి బీడు పడుతుంది; మడి బీడు పడితే కొడుకు రైలెక్కుతాడు. విచారణ చేసేవారి కాగితంలో నిరుద్యోగం, వ్యవసాయం, త్రాగునీరు అను మూడు వేరువేరు గడులలో ఇవి నమోదు అవుతాయి. రామసముద్రంలో మూడింటికీ మూలం ఒక్కటే.

నీటికి ప్రాధాన్యం అను మాట మన రాయలసీమలో నేడు పుట్టినది కాదు. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి గృహమైన శ్రీబాగులో కోస్తా, రాయలసీమ నాయకులు ఒక ఒడంబడిక చేసుకున్నారు. కృష్ణా, తుంగభద్ర, పెన్నా జలాల వినియోగంలో పదేళ్లపాటు, అవసరమైతే ఇంకను ఎక్కువకాలం, రాయలసీమకు, నెల్లూరుకు ప్రాధాన్యం ఇవ్వవలెనని అందులో వ్రాసుకున్నారు. ఏది ముందు, ఏది వెనుక అన్న విషయమై మన ప్రాంతపు నాయకులు కాగితం మీద సంతకాలు చేసిన సందర్భం అది. సంతకం నుండి సాగునీటి వరకు ఎంత దూరమో తరువాతి తరాలు చూచాయి.

హంద్రీ-నీవా సుజల స్రవంతి కథ ఆ దూరాన్ని కొలిచి చూపుతుంది. శ్రీశైలం జలాశయం నుండి 40 టి.ఎం.సి.ల వరదనీటిని తీసికొని, నాలుగు జిల్లాలలో 6,02,500 ఎకరాలకు నీరందించాలన్నది ఈ పథకపు సంకల్పం. అందులో ఉమ్మడి చిత్తూరు జిల్లా వాటా 1,40,000 ఎకరాలు. 2012లో నీరు అనంతపురం జిల్లా జీడిపల్లి జలాశయానికి చేరింది. అక్కడి నుండి పడమటి మండలాలకు రావడం ఎంత కష్టమో రెండు అంకెలు చెబుతాయి. శ్రీశైలం జలాశయపు పూర్తి మట్టం 885 అడుగులు. మదనపల్లె పట్టణం సముద్రమట్టానికి సుమారు 2,280 అడుగుల ఎత్తున ఉన్నది. అనగా కృష్ణానది నీరు మన వాకిటికి రావాలంటే దాదాపు 1,400 అడుగులు మెట్టుమెట్టుగా పైకి ఎక్కాలి. నీరు తనంతట తాను పల్లానికి పారుతుంది. మిట్టకు మాత్రం మోటార్లు ఎక్కించాలి, మోటార్లకు కరెంటు కావాలి, ఆ కరెంటుకు ఏటేటా డబ్బు కావాలి. వాలు కాలువను ఒకసారి తవ్వితే చాలునేమో; ఎత్తిపోతల కాలువను మాత్రం ప్రతి సంవత్సరం మళ్లీ ప్రారంభించినట్లే లెక్క.

ఈ సంగతిని కుప్పం వారు కళ్లారా చూచారు. పుంగనూరు బ్రాంచి కాలువ నుండి చీలి కుప్పం వైపు సాగే బ్రాంచి కాలువలోనికి 2024 ఫిబ్రవరి 26న, ఎన్నికలకు మూడు నెలలు కూడా లేని సమయంలో, రామకుప్పం మండలం రాజుపేట వద్ద అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్‌రెడ్డిగారు నీరు విడుదల చేశారు. అదే కాలువ నీటికి 2025 ఆగస్టు 30న కుప్పం మండలం పరమసముద్రం వద్ద ముఖ్యమంత్రి నారా చంద్రబాబునాయుడుగారు జలహారతి ఇచ్చారు. ఒక కాలువకు రెండు ప్రారంభాలు. ఎవరిది నిజమైన ప్రారంభమన్న వాదంలోనికి మేము దిగబోవడం లేదు. ఆ వాదం చేయడానికి రెండు పక్షాలలోను సమర్థులు కావలసినంతమంది ఉన్నారు. ఓటరు తెలిసికోవలసినది మరొకటి. మొదటి పూలు చల్లిన నాటికి, రెండవ హారతి ఇచ్చిన నాటికి మధ్య ఆ కాలువలో నీరు ఎన్ని దినాలు పారింది? ఎన్ని చెరువులు నిండాయి? ఏ చెరువు మొరవ పోయింది? వేదిక మీద ఈ లెక్క చెప్పినవారిని మేము ఎరుగము.

అయితే తప్పంతా నాయకులదే అని చేతులు కడుగుకొనుట న్యాయం కాదు. ఓటరు కోరినది నాయకుడు ఇచ్చిన సందర్భాన్ని కూడ చూడాలి. 2001 మొదలుకొని కొన్నేళ్లపాటు రాయలసీమను కరువు పీడించింది. 2004 ఏప్రిల్‌లో శాసనసభకు, లోక్‌సభకు ఎన్నికలు ఒకేసారి జరిగాయి. రైతులకు ఉచిత విద్యుత్తు అన్న వాగ్దానం ఆ ఎన్నికలలో మారుమ్రోగింది. మే 14న ముఖ్యమంత్రిగా ప్రమాణస్వీకారం చేసిన వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారు తొలి సంతకం ఆ దస్త్రం మీదనే పెట్టారు. ఎన్నికలలో చెప్పినది గద్దెనెక్కిన దినముననే చేసిన ఉదాహరణగా దీనిని విద్యార్థులు గుర్తుంచుకోవచ్చు. అప్పుల భారంతో ఉన్న రైతుకు అది నిజమైన ఊరట కూడ.

కాని కరెంటు వేరు, నీరు వేరు. బావి ఎండి బోరు, బోరు ఎండి ఇంకను లోతైన బోరు - ఇది అప్పటికే మొదలైన పందెం. మోటారుకు ఖర్చు లేనప్పుడు పందెం ఆగదు గదా! మన నేల అడుగున ఉన్నది గట్టి రాయి. ఇసుక నేలలవలె అది నీటిని దాచుకోలేదు. రాతి పగుళ్లలో ఇంకిన కొద్దిపాటి నీరే మనకు ఆధారం. ఆ పగుళ్లకు నీరు చేరవలసిన చెరువులు పూడిక మేట వేసి, వంకలు ఆక్రమణలకు లోనై, కట్టల మీద కంప పెరిగింది. బోర్లను అదుపు చేయుటకు, నీటిని, భూమిని, చెట్లను కాపాడుటకు 2002లోనే మన రాష్ట్రంలో వాల్టా చట్టం వచ్చింది. ఆ చట్టాన్ని ఖచ్చితంగా అమలు చేస్తానని చెప్పి ఓట్లు అడిగిన అభ్యర్థి పేరు మాకు గుర్తు రావడం లేదు. అడిగితే ఓట్లు రావని అతనికి తెలుసు. ఇక్కడ దోషం ఎవరిది? ఓటరు బోరుకు కరెంటు కోరాడు, కరెంటు వచ్చింది; చెరువుకు నీటిదారి కోరలేదు, అది రాలేదు.

ఇక విద్యార్థులు తరచుగా తికమకపడే ఒక విషయం. లోక్‌సభకు పోటీ చేసే అభ్యర్థిని నీటిని గూర్చి అడగవచ్చునా? రాజ్యాంగపు ఏడవ షెడ్యూలులో నీటిపారుదల రాష్ట్ర జాబితాలోని 17వ అంశం. అందుచేత "అది రాష్ట్రం పని, మాది కాదు" అని పార్లమెంటు అభ్యర్థి తప్పించుకోవచ్చు. అదే షెడ్యూలులో కేంద్ర జాబితా 56వ అంశం అంతర్రాష్ట్ర నదులను గూర్చినది. కృష్ణ మూడు రాష్ట్రాలు దాటి మన రాష్ట్రంలో ప్రవేశిస్తుంది. ఎగువన ఆనకట్టల ఎత్తు, ట్రిబ్యునళ్ల తీర్పులు, రాష్ట్రాల మధ్య వాటాలు ఢిల్లీతో ముడిపడిన సంగతులు. హంద్రీ-నీవా ఆధారపడినది వరదనీటి మీద. వరద లేని ఏట ఆ కాలువ గతి ఏమిటన్నది మన ఓటరుకు జీవన్మరణ సమస్య. పైగా 2014లో పార్లమెంటు ఆమోదించిన రాష్ట్ర పునర్విభజన చట్టపు పదకొండవ షెడ్యూలులో, పూర్తి చేయవలసిన ప్రాజెక్టులలో హంద్రీ-నీవా పేరు స్పష్టంగా ఉన్నది. కాబట్టి రామసముద్రం రైతు రాజంపేట లోక్‌సభ అభ్యర్థిని, కుప్పం రైతు చిత్తూరు లోక్‌సభ అభ్యర్థిని ఈ విషయమై నిలదీసి అడుగుటకు పూర్తి అధికారం కలదు.

ఢిల్లీ చేతిలో ఉండి మన ఇంటి పొయ్యిని తాకే సంగతులు ఇంకను ఉన్నవి. పట్టును చూడండి. రామసముద్రం, పుంగనూరు, కుప్పం ప్రాంతాలలో మల్బరీ తోటలు, పట్టుపురుగుల పెంపకం ఎందరికో జీవనాధారం. మదనపల్లెలోని నీరుగట్టువారిపల్లె పట్టుమగ్గాలకు పేరు పొందినది. (ఆ ఊరి పేరు విన్నప్పుడల్లా చెరువు తూము దగ్గర మడులకు వంతు ప్రకారం నీరు పంచే నీరుగట్టువాడు గుర్తుకు వస్తాడు. ఇప్పుడు తూములు ఉన్నవి, ఆ పంచేవాడు లేడు.) 2011 కేంద్ర బడ్జెట్టులో దిగుమతి అయ్యే ముడిపట్టు మీద సుంకాన్ని నూటికి 30 నుండి ఒక్కసారిగా 5కు తగ్గించారు. నేతగానికి నూలు చౌకగా దొరకాలన్నది ఒక వాదం. గూళ్ల ధర పడిపోయి రైతు కుదేలయ్యాడన్నది మరొక వాదం. 2013లో దానిని మరల 15కు పెంచారు. ఒకే నియోజకవర్గంలో గూళ్లు అమ్మే రైతు, పట్టు కొనే నేతగాడు ఇద్దరూ ఓటర్లే. ఇద్దరి కోరికలు ఒకదానికొకటి ఎదురు. ఓటర్ల కోరిక అని ఏకవచనంలో మాట్లాడడం ఎంత కష్టమో ఈ ఒక్క సుంకం నేర్పుతుంది.

టమోటా సంగతి అందరూ ఎరిగినదే. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్టు ధర దేశమంతట వార్త అయింది. ఆ సెప్టెంబరుకే ధర కూలింది. టమోటా, ఉల్లి, బంగాళాదుంపల కొరకు 2018 కేంద్ర బడ్జెట్టులో 500 కోట్ల రూపాయలతో ఆపరేషన్ గ్రీన్స్ పథకం ప్రకటించారు. ధర పెరిగినప్పుడు ఢిల్లీకి తెలుస్తుంది, పడినప్పుడు రోడ్డు మీద పారబోసిన కాయకు మాత్రమే తెలుస్తుంది. కడప నుండి మదనపల్లె మీదుగా బెంగళూరుకు 2008-09లో మంజూరైన 255 కిలోమీటర్ల రైలు మార్గంలో కడప నుండి పెండ్లిమర్రి వరకు గల మొదటి ముక్క మాత్రమే పూర్తి అయినది. రైల్వే పూర్తిగా కేంద్రపు విషయం. ఇందులో తప్పించుకొనుటకు సాకు లేదు.

మా వంటి కళాశాల విద్యార్థులకు సంబంధించిన ఒక కోరికను కూడ ఇక్కడ చెప్పుకోవాలి. 2022లో శాసనసభ ఉర్దూను రాష్ట్రపు రెండవ అధికార భాషగా చేస్తూ చట్టం చేసింది. సంతోషం. అయితే ఉర్దూ మాధ్యమంలో చదివే బాలికకు చట్టం కంటె ముందు కావలసినది గణితం చెప్పే ఉపాధ్యాయిని. ఆ పోస్టు ఖాళీగా ఉన్న పాఠశాల ముందు చట్టం ప్రతిని అంటించి ప్రయోజనమేమి?

ఈ కోరికలను ఎట్లా అడగాలి అన్న విషయంలో ఓటరుకు ఒక ఆధారం ఉన్నది. ఎన్నికల ప్రణాళికలపై మార్గదర్శకాలు రూపొందించవలసినదిగా 2013 జూలై 5న సుప్రీంకోర్టు ఎన్నికల సంఘాన్ని ఆదేశించింది. ఆ మీదట 2014లో ప్రవర్తనా నియమావళిలో ఒక భాగం చేరింది. వాగ్దానం వెనుక గల హేతువును, దానికి కావలసిన ధనం ఏ మార్గాన సమకూరుతుందో ప్రణాళిక స్థూలంగా తెలుపవలెనని అందులో ఉన్నది. దీనిని చదివిన విద్యార్థులు ఎందరు? ఒక్క పుట కూడ లేని పాఠం అది.

మన రాష్ట్రంలో 2024 నాటికి పురుష ఓటర్ల కంటె మహిళా ఓటర్ల సంఖ్య ఎక్కువ. అయినను సభలో మైకు వద్దకు వచ్చి అడిగేవారు మగవారే. ఈసారి రామసముద్రంలో గాని, పుంగనూరులో గాని, కుప్పంలో గాని అభ్యర్థి ఊరికి వచ్చిన దినమున బిందె మోసే తల్లిని ముందు వరుసలో కూర్చుండబెట్టి, ఆమె చేత ఈ ప్రశ్న అడిగించవలెనని మా కోరిక: అయ్యా, మా ఊరి చెరువుకు ఏడాదికి ఎన్ని దినాలు నీరు ఇస్తారు, ఆ మోటార్ల కరెంటు బిల్లు ఎవరు కడతారు, వరద రాని ఏట మాకు ఏమి చేస్తారు?