లారీకి యజమాని ఎవరు?

సికింద్రాబాదులో రాణీగంజ్ వైపు తిరిగిన వారికి లారీ వింత వస్తువు కాదు. ఒకప్పుడు వాటి నుదుట 'పబ్లిక్ క్యారియర్' అని వ్రాసి ఉండేది. 1939 నాటి మోటారు వాహనాల చట్టం సరకు బండ్లను రెండు తెగలుగా చూచినది. కిరాయికి పరుల సరకు మోసేవి పబ్లిక్ క్యారియర్లు. యజమాని తన వ్యాపారపు సరకు మాత్రమే మోసుకునేవి ప్రైవేట్ క్యారియర్లు. 1989 జూలై 1న అమలులోనికి వచ్చిన 1988 చట్టంలో ఈ భేదం లేదు. తన బట్టీ ఇటుకలను తన లారీలోనే తరలించేవాడు కూడా నేడు పర్మిట్ పొందవలసినదే. 66వ సెక్షను ప్రకారం ఖాళీగా నడిచే బండికి సైతం అది ఉండవలెను. మొత్తం బరువు 3,000 కిలోలు మించని బండ్లకు మినహాయింపు కలదు గాని, 12,000 కిలోలు దాటిన భారీ లారీకి ఆ ప్రసక్తి లేదు.

సికింద్రాబాదు బండ్లు తిరుమలగిరి రవాణా కార్యాలయంలో నమోదవుతాయి. ఏపీ 10 అన్నది 2014లో టీఎస్ 10, 2024 మార్చిలో టీజీ 10 అయినది. అక్షరాలు మారినవి, అంకె నిలిచినది. నంబరు పలక ఉన్నంత మాత్రాన చాలదు. ఫిట్‌నెస్ పత్రం లేని లారీ చట్టం దృష్టిలో రిజిస్టరు కానట్లే. ఆ పత్రాన్ని మొదటి 8 ఏండ్లు రెండేండ్లకొకసారి, పిమ్మట ఏటేటా తీసుకొనవలెను. డ్రైవరుకు 20 ఏండ్లు నిండవలెను. ఎనిమిదవ తరగతి చదివి ఉండాలన్న నిబంధనను 2019లో తొలగించారు. ఉపాధ్యాయులమైన మాకు దీనిపై సంతోషించవలెనో, విచారించవలెనో తోచలేదు.

ఇక యజమాని మాట. సంస్కృతంలో యజమానుడనగా యజ్ఞకర్త; బజారులో అతడే 'సేఠ్', 'మాలిక్'. చట్టానికి మాత్రం యజమాని అనగా ఎవరి పేరున బండి నమోదై ఉన్నదో అతడు. డబ్బు ఎవరు తీసుకున్నారు, తాళాలు ఎవరి చేత ఉన్నవి అన్నది సాధారణంగా చూడదు. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇదే తీర్పు చెప్పినది: బండి ఎన్ని చేతులు మారినా రిజిస్టరులో పేరు మారనంత వరకు ప్రమాద పరిహారపు బాధ్యత ఆ పేరుగల వానిదే.

మా విద్యార్థి ఒకని తండ్రి తన లారీని స్టాంపు కాగితం మీద అమ్మివేశారు. బండిపై అప్పు తీరలేదు. అప్పిచ్చిన సంస్థ సమ్మతి లేనిదే పేరు మారదు, అధికారుల అనుమతి లేనిదే పర్మిట్ మారదు. "తరువాత చూచుకుందాం భాయీ" అన్నాడట కొన్నవాడు. 50వ సెక్షను ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మినవాడు 14 దినాలలో తెలియజేయవలెను, కొన్నవాడు 30 దినాలలో. ఇద్దరూ కదలలేదు. మూడేండ్లకు ఆ లారీ ఒకరిని గుద్దినది. బీమా గడువు అప్పటికే తీరినది. నోటీసు ఇంగ్లీషులో వచ్చినది. ఉర్దూ తప్ప చదువలేని ఆ పెద్దమనిషి దానిని మా వద్దకు తెచ్చారు.

దానితోపాటు ఒక పాత కవరు కూడా తెచ్చారు. అందులో 29, 30 నంబరు ఫారాలు ఉన్నవి. రెండింటి మీదా ఇద్దరి సంతకాలూ ఉన్నవి. తేదీ వేయవలసిన చోటు ఖాళీగా ఉన్నది.