కేకు కన్నా ముందు కవరు

ఉంగుటూరు చుట్టుపక్కల రైసుమిల్లులోనూ, ఆ తర్వాత రొయ్యల ప్లాంటులోనూ మేనేజరు పని చేసి దిగిపోయినవాణ్ణి. ఆ కుర్చీలోకి కొత్తగా వచ్చిన కుర్రాళ్లు డిసెంబరు రాగానే ఫోన్ చేసి, "బాబాయ్, వర్కర్లకి ఈసారి ఏమిద్దామంటావ్?" అని అడుగుతుంటారు. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను.

1. పండగ ఎవరిదో చూడండి. మనవైపు యజమానులకు చెయ్యి విదిలించే అలవాటు దసరాకి, సంక్రాంతికి. కానీ రొయ్యల తలలు తీసే ఆడవాళ్లలో, మిల్లుల్లో బస్తాలెత్తే ముఠాల్లో చర్చికెళ్లేవాళ్లు చాలామంది. పిల్లలకు కొత్త బట్టలు కుట్టించేదీ, కూతుర్నీ అల్లుణ్ణీ పిలుచుకునేదీ వాళ్లు క్రిస్మస్‌కే. దసరా డబ్బు అప్పటిదాకా ఆగదు. డిసెంబరులో మళ్లీ వడ్డీకి తెచ్చుకోవాల్సిందే. బెంగాల్లో దుర్గాపూజకు ముందే బోనసు చేతికి రావాలని యూనియన్లు ఊరికే పట్టుబట్టవు.

2. బాకీని బహుమతి అని చెప్పకండి. 1965 బోనసు చట్టం పెట్టిన లెక్క ప్రకారం కనీసం 8.33 శాతం, గరిష్ఠంగా 20 శాతం ఇవ్వాలి. ఏడాదిలో 30 రోజులు పనిచేసినా అర్హత ఉంది. లెక్కల సంవత్సరం ముగిసిన ఎనిమిది నెలల్లోగా చెల్లించాలి. మార్చి 31న లెక్కలు మూసే కంపెనీకి నవంబరు 30 గడువన్నమాట. ఆ చట్టం స్థానంలో 2025లో అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్‌లోనూ ఈ అంకెలు మారలేదు. ఆ డబ్బునే డిసెంబరు 20న రంగు కవరులో పెట్టి, ఫొటో దిగి, "యాజమాన్యం కానుక" అనడం నాకెప్పుడూ నచ్చలేదు. బోనసు బ్యాంకులో పడాలి, క్రిస్మస్ కవరు దాని పైన ఉండాలి. ఫిలిప్పీన్స్‌లో 1975 నుంచి పదమూడో నెల జీతం చట్టం. డిసెంబరు 24 దాటకుండా ఇచ్చి తీరాలి. అక్కడి లెక్క ఏడాది మూల జీతంలో పన్నెండో వంతు, మన 8.33 శాతమూ అంతే. అక్కడ దాన్ని దానమని ఎవరూ అనుకోరు.

3. కవరు డిసెంబరు మొదటి వారంలోనే ఇచ్చెయ్యండి. పదిహేను దాటాక టైలరు జాకెట్టు గుడ్డ ముట్టుకోడు.

4. సెమీ క్రిస్మస్‌లో కుర్చీలు ఎవరికి వేస్తున్నారో గమనించండి. కేకు కోసేది ఎమ్మార్వో, శాలువా సర్పంచికి, ఏడాదంతా ఐసునీళ్లలో చేతులు నానినవాళ్లు వెనకాల నిలబడి చప్పట్లు కొట్టాలి! శాలువా వాళ్లకి కప్పండి, పేరు పెట్టి పిలవండి, ఏం చేసినందుకో కూడా చెప్పండి. "బాగా పనిచేసింది" అంటే చాలదు. కిలోల లెక్కన కూలీ ఇచ్చేచోట చురుకైన చేతికి డబ్బు ఎలాగూ వస్తుంది. కొత్తగా చేరిన పిల్లకి పని నేర్పిన ఆమెకి, వాసన పట్టి పాడైన సరుకు ఆపించిన ఆమెకి ఏ లెక్కలోనూ పైసా రాదు. గుర్తింపు వాళ్లకి దక్కాలి. ఆ పేర్లు ఆఫీసు గదిలో దొరకవు, బల్ల దగ్గర పనిచేసే ఆడవాళ్లనడగండి.

5. సెలవు కూడా ఇవ్వదగ్గదే. కొల్లేరు వైపు చెరువుగట్టు మీద మకాంలో ఉండే కాపలా మనిషికి వెయ్యి రూపాయల కన్నా 24 రాత్రి ఇంటికెళ్లడం ఎక్కువ. రాత్రిపూట నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, ఏరియేటర్లు చూసే మనిషి లేకపోతే తెల్లారేసరికి సరుకు తేలుతుంది. నిజమే. అయితే ఆ ఒక్క రాత్రి యజమాని కొడుకు మకాంలో పడుకోవచ్చు. సంక్రాంతి మూడు రోజులూ మాకు కాపలా కాసింది వాళ్లేగా? ఈ మార్పిడి పట్టీ నవంబరులోనే రాసి గోడకంటించండి.

6. మేస్త్రీ చేతికి మొత్తం ఇచ్చి పంచమనొద్దు. కాంట్రాక్టు మనిషైనా, స్వీపరైనా, క్యాంటీన్ వంటామె అయినా కవరు మీ చేత్తోనే ఇవ్వండి.

7. చెడ్డ ఏడాది వస్తే దాచకండి. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు రొయ్యల ప్లాంట్ల సంగతి పీలింగ్ బల్ల దగ్గర అందరికీ తెలుసు. నష్టమొచ్చినా చట్టం చెప్పిన కనీస బోనసు ఇవ్వాల్సిందే, అందులో బేరం లేదు. పైన ఇచ్చే కవరు తగ్గించాల్సివస్తే నవంబరులోనే అందరినీ కూర్చోబెట్టి చెప్పండి. కోత మాత్రం మేనేజర్ల కవర్ల నుంచి మొదలుపెట్టండి.