పాత లగ్జరీ కారుకు ధర కట్టే ముందు

హిందూపురానికి బెంగళూరు సుమారు 100 కిలోమీటర్లు. అక్కడ పదీ పన్నెండేళ్లు తిరిగిన బెంజ్ ఈ-క్లాస్, బీఎండబ్ల్యూ 5 సిరీస్, ఆడి ఏ6 లాంటి కార్లు కొడికొండ చెక్‌పోస్టు దాటి మనవైపు అమ్మకానికి వస్తుంటాయి. ఒకప్పుడు 45 లక్షలు పెట్టి కొన్న బండి ఇప్పుడు కొత్త చిన్నకారు ధరకే దొరుకుతుందంటే ఎవరికైనా మనసు లాగుతుంది. కొనొద్దని చెప్పను. కానీ కొత్తప్పటి ధర నుంచి ఏడాదికింత తరుగు తీసేసుకుంటూ రాకండి. ఆ కారులో ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని భయం లేకుండా తిరగాలంటే ఇంకా ఎంత ఖర్చు పెట్టాలో ముందు తేల్చుకోండి. అడిగిన ధరలో అదంతా పోగా మిగిలేదే దాని అసలు ధర.

చవగ్గా ఎందుకిస్తున్నారో ముందు తెలుసుకోండి. 2015 డిసెంబరులో చెన్నై మునిగింది. 2022 సెప్టెంబరులో బెంగళూరు అవుటర్ రింగ్ రోడ్డు, బెళ్లందూరు వైపు లేఅవుట్లు మునిగాయి. రెండుసార్లూ ఖరీదైన కార్లెన్నో నీళ్లలో నానాయి. అలా మునిగిన కార్లు ఇన్సూరెన్స్ వేలంలో చేతులు మారి, పాలిష్ పెట్టించుకుని మళ్లీ బజారుకు రావచ్చు. ఈ కార్లలో ఎలక్ట్రానిక్ యూనిట్లు, వైరింగు చాలామటుకు సీట్ల కింద, కార్పెట్ల కింద ఉంటాయి. నీళ్లు దూరిన కనెక్టర్లు వెంటనే చెడిపోవు, నెలల తరబడి లోపల్లోపలే తుప్పు పడతాయి. చివరికి ఏ రాత్రో హైవే మీద మీటరులోని లైట్లన్నీ ఒక్కసారిగా వెలిగి బండి ఆగిపోతుంది. అందుకని సీటు బెల్టును చివరంటా లాగి మట్టి చార ఉందేమో చూడండి. డిక్కీలో స్టెప్నీ గుంట, సీట్ల కింది బోల్టులు వదలకండి. లోపల సెంటు వాసన గుప్పుమంటే అనుమానించండి. మునిగిన బండని తేలితే ఎంత తగ్గించినా తీసుకోకండి.

చవకకు ఇంకో కారణం ఢిల్లీ. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ కార్లు తిరగకూడదని హరిత ట్రిబ్యునల్ 2015లో ఇచ్చిన ఆదేశాన్ని సుప్రీంకోర్టు 2018లో సమర్థించింది. దాంతో అక్కడి బళ్లు గిరాకీ తగ్గి ఇతర రాష్ట్రాలకు వచ్చాయి. ఇందులో తప్పేమీ లేదు. అక్కడి రవాణా కార్యాలయం ఇచ్చిన ఎన్‌ఓసీ సరిగ్గా ఉందో లేదో మాత్రం చూసుకోండి.

అన్నిటికంటే నాకు ఎక్కువ భయం ఎయిర్‌బ్యాగులతోనే. తాళం తిప్పగానే మీటరులో ఎయిర్‌బ్యాగు గుర్తు వెలిగి, కొన్ని క్షణాలకు ఆరిపోవాలి. ఆరకపోతే లోపం ఉన్నట్టు. అసలు వెలగనే లేదంటే ఇంకా ప్రమాదం: పాత యాక్సిడెంటులో బ్యాగు పేలిపోతే కొత్తది వేయించకుండా లైటు పీకేసి ఉండొచ్చు. జపాన్‌కు చెందిన టకాటా కంపెనీ ఇన్‌ఫ్లేటర్ల (బ్యాగును ఉబ్బించే పరికరాల) సంగతీ మరవకండి. వాటిలోని అమ్మోనియం నైట్రేటు ఏళ్ల తరబడి వేడికీ తేమకూ పాడై, బ్యాగు తెరుచుకునేటప్పుడు ఇనుప ముక్కలు మనుషుల మీదికి చిమ్మాయి. ప్రపంచమంతటా కోట్ల కార్లను వెనక్కి పిలిచారు, ఆ కంపెనీ 2017లో దివాలా తీసింది. ఛాసిస్ నంబరు తీసుకుని, రీకాల్ పని పెండింగులో ఉందేమో ఆ కారు కంపెనీనే అడగండి. ఈ ఒక్క పని చేయకుండా అడ్వాన్సు ఇవ్వకండి.

టైర్ల గీతలు చూసి మురిసిపోకండి, పక్కనున్న నాలుగంకెలు చదవండి. 2317 అంటే 2017లో 23వ వారం తయారైందని. గీతలు బాగున్నా రబ్బరు ముసలిదైతే మన ఎండల్లో వేగం మీద పగిలే ప్రమాదముంది.

పరీక్షించేటప్పుడు కారును జాకీ మీద ఎత్తి కిందికి దూరకండి. ఎయిర్ సస్పెన్షన్ ఉన్న బండి అనుకోకుండా కిందికి దిగుతుంది. ర్యాంపో లిఫ్టో ఉన్న షెడ్డుకు తీసుకెళ్లండి. ఇంజను వేడిగా ఉన్నప్పుడు కూలెంట్ మూత తిప్పకండి. నడిపి చూడటం పగటిపూటే పెట్టుకోండి. ఇన్సూరెన్స్ నడుస్తోందో లేదో అడిగాకే స్టీరింగు పట్టండి. పెనుకొండ దగ్గర ఎర్రమంచి వైపు కియా ఫ్యాక్టరీ ట్రైలర్లు తిరిగే 44వ నంబరు హైవే మీద బ్రేకు పరీక్షలు చేయకండి. బండి ఆగిపోతే తాడు కట్టి లాగించకండి, ఆటోమేటిక్ గేరుబాక్సు దెబ్బతింటుంది. ఫ్లాట్‌బెడ్ పిలిపించండి.

ఇక లెక్క. అమ్మేవారు 9 లక్షలు అడిగారనుకుందాం. నాలుగు టైర్లు, బ్రేకులు, సస్పెన్షన్, గేరుబాక్సు ఆయిలు, ఏసీ ఒక్కొక్కటికీ బెంగళూరులో రాతపూర్వకంగా అంచనా తీసుకోండి. దగ్గర్లో ఈ బళ్లు బాగా తెలిసిన చేతులు ఎక్కువగా ఉండేది అక్కడే. కర్ణాటక బండైతే మన రాష్ట్రంలో కట్టాల్సిన లైఫ్ టాక్సు ఎంతో రవాణా కార్యాలయంలో ముందే అడిగి కలపండి. పదిహేనేళ్లు దగ్గరపడితే రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఖర్చూ కలపండి. ఈ మొత్తం మూడున్నర లక్షలైతే మీ బేరం ఐదున్నర దగ్గర మొదలవ్వాలి. ఇన్సూరెన్స్ కాగితంలో ఉన్న ఐడీవీని (బీమా కోసం రాసుకున్న బండి విలువను) చూపించి ఇదే ధరంటే ఒప్పుకోకండి. ఐదేళ్లు దాటిన బండికి అది కంపెనీ, ఓనరు మాట్లాడుకుని వేసుకున్న అంకె మాత్రమే.

ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారుల్లాగా రొక్కం చేతిలో ఆడే వాళ్లకు ఒక మాట: 2 లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. బ్యాంకు ద్వారానే ఇవ్వండి. లోను తీరినట్టు బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికి రాకుండా పూర్తి సొమ్ము ఇవ్వకండి.

అమ్మేవారికీ ప్రమాదముంది. సంతకం పెట్టిన ఖాళీ ఫారాలు బ్రోకరు చేతికిచ్చి మరిచిపోకండి. రికార్డులో పేరు మారేదాకా, యాక్సిడెంటు జరిగితే నష్టపరిహారం బాధ్యత రిజిస్టరైన ఓనరుదేనని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో చెప్పింది. పేరు మార్పు ఫారాలు 29, 30 మీరే దగ్గరుండి వేయించండి. కొన్నవారు 14 రోజుల్లోగా ఇన్సూరెన్స్ తమ పేరుకు మార్పించుకోవాలి.