ఫీల్డ్ క్లియర్

"డాడీ, ఆదివారం మా బ్యాండ్ పాట షూటింగ్. పొద్దున ఏడింటికి వెళ్తే రాత్రి ఎప్పుడొస్తానో తెలీదు."

బీటెక్ మొదటి సంవత్సరం చదివే అమ్మాయి అన్నం తింటూ ఈ మాట అనగానే చాలా ఇళ్లలో వచ్చే మొదటి ప్రశ్న: "మరి మిడ్ ఎగ్జామ్స్?" రెండోది: "ఎవరెవరు వస్తున్నారు?" రెండూ అడగాల్సినవే. కాకపోతే వాటితోనే మొదలుపెడితే జవాబులు ఒక్క ముక్కలో వస్తాయి. "అసలు అక్కడ ఏం చేస్తారమ్మా?" అని అడిగి చూడండి. పళ్లెంలో చెయ్యి ఎండిపోయేదాకా చెబుతుంది.

విని అర్థం చేసుకోవడానికి మీకూ కాస్త తెలిసి ఉండాలి. మ్యూజిక్ వీడియో తీసే రోజున మామూలుగా పాటను రికార్డు చెయ్యరు. రికార్డింగూ మిక్సింగూ ముందే అయిపోతాయి. స్టూడియో ఫ్లోర్‌లో ఆ పాటను స్పీకర్లో వేస్తారు. అలా పాట వినిపించే ఏర్పాటును మన సినిమావాళ్లు 'నాగ్రా' అంటారు. నాగ్రా అనేది స్విట్జర్లాండ్‌లో 1951లో పుట్టిన టేప్ రికార్డర్ పేరు. టేపు పోయినా సెట్లో పేరు మిగిలిపోయింది. ఆ పాటకు తగ్గట్టు గాయకుడు పెదవులు కదపాలి, గిటార్ వాయించే కుర్రాడు వైరు ఎక్కడా తగిలించకుండానే తీగలు మీటాలి. మీ అమ్మాయి డ్రమ్స్ వాయించేదైతే ఆమెకు మాత్రం ఆ వెసులుబాటు లేదు. దెబ్బ గాలిలో ఆగిపోతే కెమెరా పట్టేస్తుంది. అందుకే చప్పుడు తగ్గడానికి తాళాల (సింబల్స్) మీద రబ్బరు పెట్టి, డ్రమ్ముల మీద గుడ్డ కప్పి అయినా, నిజంగానే కొట్టిస్తారు.

ఒకసారి బ్యాండంతా కనబడేలా మొత్తం పాట తీస్తారు. తరవాత ఒక్కొక్కరి మొహం, వేళ్లు, పాదాలు. ప్రతిసారీ అదే పాట, అదే చిరునవ్వు. నాలుగు నిమిషాల పాటను ఇరవై ముప్ఫైసార్లు వాయించాల్సి రావడం మామూలే. స్లో మోషన్ కావాలంటే పాటను రెట్టింపు వేగంతో వేసి, సెకనుకు 48 ఫ్రేముల చొప్పున తీస్తారు. దాన్ని 24 ఫ్రేముల వేగంతో చూపించినప్పుడు పెదవులు అసలు పాటతో కలుస్తాయి, జుట్టు మాత్రం నీళ్లలో తేలుతున్నట్టు కదులుతుంది. తెర మీద అంత నెమ్మదిగా కనబడేది పిల్లలు పరుగెత్తుతున్నట్టు వాయించినదే. "వన్ మోర్" అని వినబడిన ప్రతిసారీ, విసుగును మింగి మళ్లీ మొదటి దరువు దగ్గరికి వెళ్లడం ఆ రోజు నేర్చుకునే అసలు పాఠం. మీరు ఎన్నాళ్లనుంచో చెబుతున్న ఓపిక అదే.

ఇక మీ వంతు. షాట్ ముందు సెట్లో "ఫీల్డ్ క్లియర్!" అని ఒక కేక వినిపిస్తుంది. కెమెరాకి కనబడే మేరలో అక్కర్లేనివాళ్లు ఎవరూ ఉండకూడదని అర్థం. లైట్‌మన్ సెట్ వదిలి వెళ్లిపోడు. ఓ అడుగు పక్కకి జరిగి, తన లైటు మీద చెయ్యి ఉంచి నిలబడతాడు. తల్లిదండ్రులు ఉండాల్సిన చోటు కూడా అదే.

పక్కన నిలబడి చూసుకోవాల్సినవి కొన్నున్నాయి. మొదటిది, పాట ఎవరిది? సినిమా పాటను కొత్తగా వాయించి వీడియో తీస్తామంటే, 1957 నాటి కాపీరైట్ చట్టం కింద రాసినవారికీ, బాణీ కట్టినవారికీ, రికార్డింగు చేయించినవారికీ వేర్వేరు హక్కులుంటాయి. అనుమతి లేకుండా ఆన్‌లైన్‌లో పెడితే నెలల కష్టం ఒక్క కాపీరైట్ క్లెయిమ్‌తో ఆగిపోవచ్చు. సొంత పాట అయితే ఇంకా మంచిది. మాట ఎవరిది, బాణీ ఎవరిది, రేపు రూపాయి వస్తే ఎలా పంచుకుంటారు అన్నది ఒక కాగితం మీద రాసుకోమనండి. స్నేహంగా ఉన్నప్పుడు రాసుకున్న కాగితమే స్నేహాన్ని కాపాడుతుంది.

రెండోది సంతకం. వీడియో తీసేది ఫిల్మ్ కోర్సు చదివే పిల్లలైనా సరే, కనబడే ప్రతివారి చేతా అంగీకార పత్రం రాయించుకుంటారు. బ్యాండ్‌లో ఎవరికైనా 18 ఏళ్లు నిండకపోతే వాళ్లు సొంతంగా చేసుకున్న ఒప్పందం చట్టం ముందు నిలవదు. అందుకే పెద్దల సంతకం అడుగుతారు. చదివి పెట్టండి. ఆ దృశ్యాలను ఇంకెక్కడ వాడతారో ఒక వాక్యంలో రాయమనండి. కథలో చిన్న పిల్లాడు కావాలని ఇంట్లో తమ్ముణ్ణి తీసుకెళ్తామంటే, బాల కళాకారులకు మన దేశంలో ఉన్న నిబంధన గుర్తుపెట్టుకోండి: రోజుకు 5 గంటలకు మించకూడదు, విశ్రాంతి లేకుండా 3 గంటలు దాటకూడదు. స్టూడెంట్ వీడియోకీ అదే కొలత పెట్టండి.

మూడోది ఒళ్లు. షూటింగ్ కంటే ప్రాక్టీసు రోజులే చెవులకు ప్రమాదం. 85 డెసిబెల్స్ మోతను 8 గంటలు భరించవచ్చంటారు. 100కి చేరితే పావుగంటే గడువు, చిన్న గదిలో డ్రమ్స్ ఆ గీతను తేలిగ్గా దాటేస్తాయి. ఒక జత ఇయర్‌ప్లగ్స్ కొనివ్వండి. ఉబ్బసం ఉన్న పిల్లలుంటే పొగ మెషిన్ సంగతి, మూర్ఛ ఉన్నవారుంటే టపటప వెలిగి ఆరే లైట్ల సంగతి ముందే యూనిట్‌కి చెప్పమనండి. ప్యాకప్ అర్ధరాత్రి అయితే ఎవరు ఎవరితో ఇంటికి వస్తారో పొద్దునే తేల్చుకోండి. డబ్బు విషయంలో కూడా అంతే. ఫ్లోర్ అద్దె, లైట్లు, భోజనం కలిపి మీ వాటా ఎంతో ఒకసారి చెప్పండి. మధ్యలో మళ్లీ మళ్లీ గుర్తు చెయ్యకండి.

వీడియో బయటికి వచ్చాక మీకు అసలు పరీక్ష. హైదరాబాద్‌లోని 'చౌరస్తా' బ్యాండ్‌లో పాడిన రామ్ మిరియాల 'జాతిరత్నాలు' (2021)లో చిట్టి పాట పాడేదాకా వెళ్లాడని పిల్లలు చెబుతారు, నిజమే. అయినా ఒక్క వీడియో మీద అంత బరువు పెట్టకండి. "ఎన్ని వ్యూస్?" అని పూటపూటా అడగకండి. అమ్మాయిని అడగకుండా చుట్టాల గ్రూపులో పెట్టకండి. వీడియో కింద ఎవరో ఆమె బట్టల గురించి ఏదో రాస్తే, మీరు మీ పేరుతో పోట్లాటకు దిగకండి. ఏం చేద్దామో ఆమెనే అడగండి.

ఆదివారం రాత్రి ఆమె వచ్చేసరికి కళ్ల కింద కాటుక కారి ఉంటుంది, వేళ్లు బొబ్బలెక్కి ఉంటాయి. రేపటి క్లాసు గురించి రేపు మాట్లాడొచ్చు. పెరుగన్నం కలిపి ముందు పెట్టి, "ఎన్ని టేకులు తీశారు?" అని అడగండి.