చిన్నాకు అమ్మమ్మ ఉత్తరం



తెల్ల యూనిఫాంలో నీ ఫొటో వీధంతా చూపించి మురిసిపోయాను గానీ, రాత్రి నడుం వాల్చగానే సముద్రమే గుర్తొచ్చి నిద్రపట్టక, మీ తాతయ్య పుస్తకం బీరువాలోంచి తీశాను. అదే నాన్నా, అమెరికా క్రూయిజర్ ఇండియానాపొలిస్ కథ, సొరచేపల దగ్గర తాతయ్య ఆపేస్తే మిగతాది చెప్పమని నువ్వు అన్నం మానేసి ఏడ్చావే, ఆ ఓడ.

మిగతాది నీకు అప్పుడు చెప్పే వయసు కాదు. 1945 జులై 30 అర్ధరాత్రి దాటాక జపాన్ జలాంతర్గామి టార్పెడోలు తగిలి 12 నిమిషాల్లో ఓడ మునిగింది. 1,195 మందిలో దాదాపు 900 మంది నీళ్లలో పడ్డారు, నాలుగు రోజులు ఓడ రాలేదేమని ఆరా తీసినవాళ్లే లేరు. లైఫ్ జాకెట్లు నీరు పీల్చి బరువెక్కాయి. ఆ జనంలో ఓడలోని పాదిరి ఫాదర్ థామస్ కాన్వే గుంపు నుంచి గుంపుకి ఈదుకుంటూ వెళ్లి, భయపడ్డవాళ్లకి ధైర్యం చెప్పి, పోయేవాళ్ల కోసం ప్రార్థన చేసి, ఒంట్లో సత్తువంతా అయిపోయి తనే పోయాడట. అది చదువుతుంటే, టిఫిన్ డబ్బా పక్కపిల్లాడికిచ్చేసి మాడిన కడుపుతో ఇంటికొచ్చి 'తిన్నాను' అనే నువ్వే కళ్లముందు మెదిలావు. నా బెంగ అదేరా కన్నా.

మీదుగా పోతున్న విమానంవాళ్లు అనుకోకుండా చూసి కబురు పెట్టాక, ఏడ్రియన్ మార్క్స్ అనే పైలట్ నడిసముద్రంలో దిగొద్దన్న ఆజ్ఞను పక్కనపెట్టి తన నీటివిమానాన్ని అలల మీద దింపాడు. లోపల చోటు చాలకపోతే రెక్కల మీద పడుకోబెట్టి, జారిపోకుండా పారాషూట్ తాళ్లతో కట్టి, 56 మందిని కాపాడాడు. మొత్తం మీద బతికి బయటపడింది 316 మందే. టార్పెడోలు తప్పించుకునేలా ఓడని వంకరటింకరగా నడపలేదన్న నింద మాత్రం ఓడ కెప్టెన్ మెక్‌వే నెత్తిన పడింది. అలా నడిపినా తప్పేది కాదని, ముంచిన జపాన్ కమాండరే వచ్చి సాక్ష్యం చెప్పినా శిక్ష వేశారు. బిడ్డల్ని పోగొట్టుకున్న ఇళ్లవాళ్లు ఏళ్లతరబడి తిడుతూ ఉత్తరాలు రాశారట. ఆ తల్లుల కడుపుకోత నాకు తెలుసు, అయినా ఆయన్ని తలుచుకుంటే ప్రాణం ఉసూరుమంటుంది. నిర్దోషి అని అమెరికా కాంగ్రెస్ ఒప్పుకునేసరికి 2000 సంవత్సరం వచ్చింది, ఆయన 1968లోనే పోయాడు.

నువ్వు ఎవరి చెయ్యీ వదలవు, తెలుసు. నీకోసం ఎవరైనా చెయ్యి చాపితే మొహమాటపడకు, పట్టుకో. సున్నుండలు పంపుతున్నాను, గదిలో అందరికీ పంచు, నీకూ రెండు ఉంచుకో. సంక్రాంతికి సెలవిస్తారేమో కనుక్కుని రాయి.

మీ అమ్మమ్మ